చక్రపాణి పాటల్లో చప్పట్లు

చక్రపాణీ,

క్షేమ సమాచారాలు తరవాత. ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పు.

అరవై ఆరేళ్ళ వయసులో మళ్ళీ ఆల్బమ్ చేశావు, సంతోషం. కానీ పాటల్లో చప్పట్లు మెషీన్‌తో వేయించావేం? నీ పవర్ పాప్ రాక్ పాటల్లో చప్పట్లే సగం పాట అని చెప్పింది నువ్వే. ఐసెలిన్‌లో మన పాత ఇంటి బేస్‌మెంట్‌లో నీ మొదటి రికార్డుకి చప్పట్లు కొట్టింది నేనూ అమ్మా. చేతులు కందిపోయినా "ఇంకొక్క టేక్ అక్కా" అంటూ పదకొండుసార్లు కొట్టించావు. ఇప్పుడు అడిగితే "నీకు మణికట్టు నొప్పి కదా, ట్రబుల్ ఇవ్వడం ఎందుకని" అంటావా? నాకు ముందుగా పంపిన కాపీ కవరు మీద నువ్వు థాంక్స్ చెప్పినవాళ్ళలో నీ కుక్క పేరు కూడా ఉంది, నా పేరు లేదు.

నిన్న కార్‌లో ఆఖరి పాట విన్నాను. అందులో చప్పట్లు ప్రతిసారీ తాళానికి కాస్త వెనకబడుతున్నాయి. మెషీన్ అలా తప్పదు. అది అమ్మ. పోయి తొమ్మిదేళ్ళయినా అలాగే వెనకబడుతోంది. కారు పక్కకి ఆపుకోవాల్సి వచ్చింది.

మరి ఆ పాత బేస్‌మెంట్ టేపులో అమ్మ పక్కన నిలబడి కొట్టింది నేను కదా. అమ్మని ఉంచి, నన్నెందుకు తీసేశావు?

విడుదలకి ఇంకా నెల ఉంది. శనివారం షాంటిలీలో మా ఇంటి నుంచి డ్రైవ్ చేసుకుని వస్తున్నాను. మైకు సిద్ధంగా ఉంచు. మణికట్టుకి కట్టు నేనే తెచ్చుకుంటాను.

అక్క