మార్తమ్మ రాయి

అవ్వా,

నీ సంవత్సరీకం అయిన మరుసటి ఆదివారం సలోమితో ఉదయగిరి వెళ్ళాను. అదే, నీ ఉలవచారు కోసం మనింటికి వచ్చే నా స్నేహితురాలు. ఇప్పుడు వాళ్ళ వంశం గురించి వెతుకుతోంది. ఆత్మకూరులో బస్సెక్కిన దగ్గర్నుంచీ ఒకటే గోల.

అక్కడ క్రైస్తవుల సమాధుల తోటలో, సున్నం కొట్టిన రాళ్ళ మధ్య వాళ్ళ ముత్తవ్వ దొరికింది. 'మార్తమ్మ' అని చెక్కి ఉంది. సలోమి ఆ అక్షరాలను వేలితో దిద్దింది. రాయికి చెంప ఆనించి, "మార్తమ్మవ్వా, నేను వచ్చినాను. మార్తమ్మవ్వా!" అంటూ కూర్చుంది.

నాకు ఎంత కుళ్ళొచ్చిందో! నిన్ను పెన్నలో కలిపేశాం. మరి నేనెక్కడ ఆనించను చెంప?

నీ పేరు నాకు పెట్టారన్న మాటే గానీ, అదీ దండగే. అత్త పేరు నోటితో అనకూడదని అమ్మ నన్ను బుజ్జీ అంది. ఊరంతా అదే అంది. సలోమీ అంతే.

చూడలేక, చెప్పకుండా గేటు వైపు నడిచాను. సలోమికి ఒళ్ళు మండి వెనక నుంచి అరిచింది.

"యాడికే పోతుండావు? ఏందా మూతి? ఒసే పెంచలమ్మా, నిన్నే!"

"ఆఁ!" అన్నాను, అచ్చం నీలాగే, తోటంతా వినబడేలా.

అప్పుడు తిరిగి ఆ రాయి వంక చూశానవ్వా. సలోమి అంతసేపు పిలిచినా అది ఒక్కసారీ పలకలేదు.