ఎర్రరాశిలో తాలుకాయ

మంగళవారం రాత్రి, కారంపూడి

డిగ్రీ ఫస్టియర్ రెండో సెమిస్టర్‌కి మైనర్ సబ్జెక్టు ఎంచుకోవడానికి రేపే ఆఖరు. ఇంటర్‌లో లెక్కలు బొటాబొటిగా గట్టెక్కాను. మళ్ళీ అవే తీసుకుంటే ఈసారి తప్పుతానని భయం.

సాయంత్రం కల్లంలో మిరపకాయలు ఏరుతుంటే నాన్న అడిగాడు. "లెక్కలే పెట్టావు గదమ్మా?"

తలూపాను. అప్పటికి ఏదీ పెట్టలేదు.

అమ్మ ఎర్రకాయల్లోంచి తెల్లమచ్చ పడ్డదొకటి తీసి తాలు కుప్పలోకి విసిరింది.

"ఒక్క మచ్చే గదమ్మా!" అన్నాను.

"మిర్చి యార్డులో బస్తా కోసి చూస్తారే. ఇట్టాంటిది కంటబడితే రేటు పడిపోద్ది."

అమ్మ అటు తిరగగానే ఆ కాయను తీసి ఎర్రరాశిలో కలిపేశాను. ఎందుకో తెలియదు.

ఇందాక ఫోన్‌లో లెక్కలే నొక్కాను. ఆ కాయ ఏ బస్తాలోకి పోతుందో, ఎవరు కోసి చూస్తారో...