కడిగేసిన గాజుపలక

దక్షిణాఫ్రికా నేటాలు, చెరకు తోట నుంచి

ప్రేమగల అక్క మరియమ్మకు తమ్ముడు దానియేలు వందనాలు. దేవుని దయవల్ల ప్రాణాలతో ఉన్నాను. నరసాపురంలో నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ కళ్లకు పొర ఇంకా ముదిరిందని రాశావు. "చూపు పూర్తిగా పోకముందే వాడి మొహం ఒక్కసారి చూపించవే" అని రోజూ నీ ప్రాణం తీస్తోందని రాశావు. ఈ ఉత్తరం ఆ సంగతి గురించే. అమ్మకు చదివి వినిపించు. ఎక్కడ ఆపాలో చెబుతాను.

రెండు నెలలు చెరకు నరకలేదు. ఫొటో బొమ్మలు తీసే దొర ఒకడు వచ్చాడు. కొండల దాకా వెళ్లాలి, నీళ్లు మోసి గాజుపలకలు కడగడానికి ఇంగ్లీషు తెలిసినవాడు కావాలన్నాడు. మిషన్ బడిలో నేర్చుకున్న నాలుగు ముక్కలు ఇలా అక్కరకొచ్చాయి. వంటకు మన ద్రాక్షారామం వైపువాడు, వీరన్న వచ్చాడు. పదహారు ఎడ్లు కట్టిన బండి వెనక ఇద్దరం నడిచాం.

అన్నీ గడ్డి భూములే అక్కా. మొల ఎత్తు గడ్డి, ఎటు చూసినా గడ్డి. కాలువ లేదు, వరి లేదు, కొబ్బరి చెట్టు లేదు. "మా గేదె ఒక్కటి ఇక్కడుంటే ఎంత బాగుండునండీ" అని వీరన్న రోజూ ఒకే మాట. ఆ తరవాత కొండలు. తెల్లారేసరికి బొక్కెనలో నీళ్లు గడ్డకట్టి ఉండేవి, పిడికిలితో పగలగొట్టేవాణ్ణి. తిండి మొక్కజొన్న జావ. ఎండు రొయ్యలు మాత్రం పంపకు, కిందటిసారి ఓడలోనే పురుగు పట్టాయి. ఒళ్లు బాగానే ఉంది. అమ్మను బెంగ పడవద్దను.

గాజుపలక మీద మందు పూసి, తడి ఆరకముందే పెట్టెలో పెట్టి బొమ్మ తీస్తారు. కొండ ఎంత పెద్దదో ఇంగ్లండు సీమలో వాళ్లకు తెలియాలంటే పక్కన మనిషి ఉండాలట. ఆ మనిషిని నేను. "మొహం అటు తిప్పు, లేకపోతే చూసేవాళ్లు కొండను వదిలి నిన్ను చూస్తారు" అనేవాడు దొర. అలా నలభై బొమ్మల్లో ఉన్నాను. అన్నిటిలోనూ వీపే.

అమ్మ సంగతి చెబితే దొర మంచివాడిలాగే ఒప్పుకున్నాడు. కొండల కింద ఒక ఉదయం నన్ను కూర్చోబెట్టి మొహం తీశాడు. నువ్వు లేసు అల్లిన రుమాలు మెడకు చుట్టుకున్నాను. కాగితం మీదికి ఎక్కించేది ఊరు చేరాకే అన్నాడు. "అమ్మగారికి మీరు దొరలా కనపడతారండి" అని వీరన్న ఆటపట్టించాడు.

ఇక్కడ ఆపు అక్కా. మిగతాది నీ ఒక్కదానికే.

వాగు దాటేటప్పుడు బండి ఒరిగి, కొత్త పలకల పెట్టె పగిలింది. మర్నాడు పెద్ద కొండ మీద మంచు పడింది. దొరకు ఆ బొమ్మ కావాలి. అక్కరలేని పలక ఒకటి తీసి నా చేతికిచ్చి, తోమి తెమ్మన్నాడు. గాజు మీద నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా కనిపిస్తుంది. వెలుతురుకు పట్టి చూస్తే తెల్లటి మొహం, మెడకు నల్లటి లేసు. ఆ అల్లిక నీదే. దాన్ని బట్టే నన్ను నేను గుర్తుపట్టాను.

"ఇది మా అమ్మకండి" అన్నాను.

"మీ అమ్మకు ఇంకోసారి తీయొచ్చు. ఆ మంచు రేపటికి ఉండదు" అన్నాడు.

జారవిడిచి పగలగొట్టి ఉండవచ్చు. ఆ ఆలోచన ఇప్పుడొస్తోంది. అప్పుడు మాత్రం "సరేనండి" అన్నాను. నా మొహం మీద నేనే బూడిద వేసి రుద్దాను. వీరన్న చూసి, "ఏంటండీ, అది మీరే కదండీ" అన్నాడు. ఇంకా గట్టిగా రుద్దాను. దొర మీద ఎంత కోపమో నా చేతుల మీద అంతకంటే ఎక్కువ కోపంగా ఉంది. ఆ ఇంకోసారి రానేలేదు. ఊరు చేరగానే దొర సీమ ఓడెక్కాడు. పోతూ బహుమానంగా ఒక బొమ్మ ఇచ్చాడు. ఆ పలక మీద తీసిన మంచుకొండే.

దాన్నే ఇందులో పెట్టాను. బావగారికి, పాస్టరుగారికి నా వందనాలు. నన్ను దీవించమని అమ్మ పాదాలు పట్టుకుని అడుగు. బొమ్మలో కొండ కింద గోరంత నల్లగా ఉన్నది నేనే. అమ్మ వేలు పట్టుకుని దాని మీద పెట్టు. మొహం ఏదే అని అడిగితే, సముద్రం అటుంది, మన ఇంటివైపు చూస్తున్నాడని చెప్పు. నిజానికి దొర ఎటు తిరగమంటే అటు తిరిగాను.

నీ తమ్ముడు,
దానియేలు