బొమ్మకు బదులు మాట

మార్చి 3, సోమవారం

యాభై ఆరేళ్లకు మళ్లీ బెంచీ ఎక్కాను. లైబ్రరీ మేడ మీద వెబ్ పేజీల క్లాస్, ఓనమాలు కూడా రానివాళ్ల కోసం. గుమ్మం మీద అంటించిన కాగితంలో అక్షరాలు ఓ పక్కకు ఒరిగి ఉన్నాయి. చింపి మళ్లీ రాద్దామని చెయ్యి దురద పెట్టింది. బోర్డులు రాసి బతికినవాడికి ఇదో జబ్బు. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు పోయాయి గానీ జబ్బు పోలేదు.

టీచరమ్మ మా అమ్మాయి ఈడుది. నేను మేడమ్ అన్నాను, ఆమె అంకుల్ అంది. లెక్క సరిపోయింది.

ఎందుకొచ్చారని అందరినీ అడిగింది. మా అక్కకు పేజీ చేసిపెట్టాలని చెప్పి కూర్చున్నాను. మిగతాది ఇక్కడ రాసుకుంటాను. అక్క వయొలిన్ నేర్పుతుంది. నాలుగేళ్ల క్రితం చూపు పోయింది. అప్పటినుంచి పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. కళ్లు కనబడని మనిషి మావాడి చెయ్యి ఎలా సరిచేస్తుందని తల్లిదండ్రుల అనుమానం. చెవులుంటే చాలని అక్క అంటుంది, వినేవాళ్లేరి? ఇప్పుడు ఇద్దరే మిగిలారు. వాళ్లూ మానేస్తే క్లాసు మూసేస్తానంది. మూసేశాక అక్క రోజంతా ఏం చేస్తుందో ఊహించుకోవడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

పేజీ పెడదామంటే ఒప్పుకుంది. ఒకటే షరతు పెట్టింది. "నా గురించి ఏం రాశావో ముందు నేను చదువుకోవాలి. నేనే. ఇంకొకళ్లు చదివిపెట్టక్కర్లేదు. అప్పుడు నేను ఊఁ అంటేనే పెట్టు."

మార్చి 5, బుధవారం

హెచ్‌టీఎంఎల్ మొదలు. నాకు అర్థమైనంతలో, ఏది ఏమిటో కంప్యూటర్‌కు చెప్పడం. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది నొక్కితే వేరే చోటికి తీసుకెళ్లే లింకు. ఒక్కోదానికి ట్యాగ్ అనే ఒక్కో గుర్తు. తెరిచిన ట్యాగ్‌ను మూయాలి. నేను మూయలేదు. పేజీ మొత్తం శీర్షికే అయిపోయి తాటికాయంత అక్షరాలతో కూర్చుంది. పెయింట్ డబ్బాకు మూత పెట్టడం మరిచిపోయినప్పుడు మా ఆవిడ పెట్టే చీవాట్లు గుర్తొచ్చాయి.

రంగులు వచ్చేవారమట. తెలుపు మీద నలుపు తప్ప ఇంకేమీ లేకుండా అక్షరాలు రాయడం నా జన్మలో ఇదే మొదలు.

మార్చి 10, సోమవారం

సీఎస్ఎస్. రంగులు, సైజులు, ఖాళీలు అన్నీ ఇందులో. ఎరుపులో చిటికెడు నలుపు కలిపి నేను వేసే రంగు కావాలన్నాను. టీచరమ్మ ఏవో అంకెలు కొట్టించింది. దగ్గరగా వచ్చింది గానీ అది కాదు.

పేజీ చిన్న ఫోన్‌లోనూ పెద్ద స్క్రీన్‌లోనూ కుదిరేలా ఉండాలట. నేను గోడను కొలిచి బోర్డు రాసేవాణ్ణి. ఇక్కడ గోడ ఒక్కొక్కరి చేతిలో ఒక్కో సైజు. సరే, అదీ నేర్చుకుంటాం. కానీ ఆ అక్షరాలున్నాయి చూడండి, తలకట్లు ఎవరో తొందరలో అతికించినట్టున్నాయి. మా అక్క పేరు ఆ అక్షరాల్లో రాయడానికి నాకు మనసొప్పలేదు.

మార్చి 16, ఆదివారం

ఉపాయం తట్టింది. అట్ట మీద నేనే రాశాను, బ్రష్‌తో. అక్క పేరు పైన పెద్దగా, నీడతో. కింద క్లాసు వేళలు, ఫోన్ నంబరు, తను ఎక్కడ నేర్చుకుందో, ఎన్నాళ్లుగా నేర్పుతోందో, అన్నీ. ఫోటో తీసి పేజీలో పెట్టేశాను. ఒక్క ట్యాగ్‌తో పని అయిపోయింది. మా ఆవిడ బాగుందంది. ఆవిడ నోట ఆ మాట రావడం పండగలాంటిదే.

సాయంత్రం 6

అక్క ఫోన్‌లో స్క్రీన్ మీద ఉన్నది చదివే గొంతు ఒకటుంది. గడగడమ్మ అని అక్క పేరు పెట్టింది. పేజీ తెరిచి ఇచ్చాను. అక్క కుర్చీలో సర్దుకుని కూర్చుని వేలు పెట్టింది. గడగడమ్మ "ఇమేజ్" అంది. అక్క వేలు కిందికి జరిపింది. "ఇమేజ్." ఇంకా కిందికి జరిపితే అసలు మాటే లేదు.

ఫోన్ నా చేతికిచ్చి, బాగానే రాసి ఉంటావులే అంది అక్క. తిట్టినా బాగుండేది.

మార్చి 17, సోమవారం

టీచరమ్మ నా అక్షరాలు చూసి చాలా ముచ్చటపడింది. పడ్డాక చెప్పింది, ఇది పేజీ కాదు అంకుల్, పేజీకి తీసిన ఫోటో అని. అందులో ఒక్క అక్షరం కూడా ఫోన్‌కు అక్షరంలా కనబడదట. అక్షరాలను అక్షరాలుగానే రాయాలి. ఎక్కడైనా ఫోటో తప్పనిసరైతే ఆల్ట్ అని ఒకటి రాయాలి. బొమ్మ కనబడనివాళ్లకు ఆ బొమ్మకు బదులుగా వినిపించే మాట అది.

సిగ్గేసింది. అక్షరమంటే కంటి కోసమేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. చూపులేని అక్కను పెట్టుకుని.

మార్చి 18, మంగళవారం

మొత్తం చెరిపేశాను.

మార్చి 23, ఆదివారం

మళ్లీ మొదటినుంచి. అక్క పేరు శీర్షిక. వేళలకు ఒక చిన్న శీర్షిక, ఫీజుకు ఒకటి, తన గురించి ఒకటి. గడగడమ్మ శీర్షిక నుంచి శీర్షికకు దూకగలదట, అందుకని వరస తప్పకూడదు. ఫోన్ నంబరును లింకు చేసి 'ఇక్కడ నొక్కండి' అని రాశాను. కళ్లు మూసుకుని విని చూశాను. ఇక్కడంటే ఎక్కడ? 'టీచర్‌కు ఫోన్ చేయండి' అని మార్చాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పని. అక్షరాలు అవే వంకర అక్షరాలు, నోరు మూసుకుని ఊరుకున్నాను.

మార్చి 26, బుధవారం

అక్క ఫోటో ఒకటి పెట్టమంది టీచరమ్మ. మనిషిని చూస్తే తల్లిదండ్రులకు నమ్మకం కలుగుతుందట. కిటికీ దగ్గర వయొలిన్ వాయిస్తుండగా తీసింది నా దగ్గరుంది. ఆల్ట్‌లో 'వయొలిన్ టీచర్' అని రాశాను. అది పేజీలోనే ఉందిగా, ఫోటోలో కనబడేది రాయండి అంది. ఏం చేస్తున్నారు, ఎలా ఉన్నారు.

ఎలా ఉన్నారు. అక్కడ ఆగిపోయాను.

మార్చి 29, శనివారం

అక్క తల ముగ్గుబుట్ట అయింది. అక్కకు తెలియదు.

చూపు పోయేనాటికి ఒకటీ అరా ఉండేవి. ప్రతి ఆదివారం మా ఆవిడ వెళ్లి తల దువ్వి జడ వేస్తుంది. మొదట్లో ఒకసారి అక్క అడిగింది, ఏమైనా నెరిసిందా అని. అప్పుడు అక్క ఉన్న స్థితికి మా ఆవిడ, ఆ ఒకటీ అరానే వదినా అంది. ఆ తర్వాత అడిగినప్పుడల్లా అదే మాట. అది నిజమేనని నేనూ పక్కనుంచి వంత పాడాను. ఒకసారి అన్నాక వెనక్కి ఎలా తీసుకుంటాం?

ఇప్పుడు మా ఆవిడ ఆల్ట్ ఖాళీగా వదిలేయమంటోంది. వదిలేస్తే గడగడమ్మ ఫోటోను దాటేసి పోతుంది, గొడవ ఉండదు. నిజమే. కానీ ఆ ఫోటోలో తెల్లజుట్టు ఊళ్లో అందరికీ కనబడుతుంది. పేజీ ఎవరిదో ఆ మనిషికి ఒక్కదానికే ఆ సంగతి తెలియదు. నేనే చదువుకోవాలి అని అక్క అన్నది దేనికి మరి?

మార్చి 30, ఆదివారం

రాశాను. 'కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని వయొలిన్ వాయిస్తున్న టీచర్. జుట్టంతా తెల్లబడింది. కళ్లు మూసుకుని నవ్వుతున్నారు.'

ఈ మూడు వాక్యాలు వినేది బహుశా అక్క ఒక్కతే. మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. తనను అబద్ధాలకోరును చేస్తున్నానట. నేనూ అందులో ఉన్నానంటే వినడం లేదు.

ఏప్రిల్ 2, బుధవారం, సాయంత్రం

అక్క చదివింది. పేరు దగ్గర మొదలుపెట్టి శీర్షికలన్నీ దూకి చూసింది, తర్వాత ఒక్కొక్కటీ విన్నది. సాయంత్రం క్లాసు ఆరుకు కాదు, ఆరున్నరకని తప్పు పట్టింది. తప్పు దొరికినందుకు సంతోషం కూడా వేసింది ఆమెకు. తర్వాత వేలు ఫోటో మీదికి వచ్చింది.

గడగడమ్మ ఏ భావమూ లేకుండా చదివేసింది. అక్క ఇంకోసారి వినిపించుకుంది. ఫోన్ ఒళ్లో పెట్టి, జడ ముందుకు లాక్కుని కొసను వేళ్ల మధ్య పట్టుకుంది.

"ఎన్నాళ్లయింది?"

రెండేళ్ల పైనే అన్నాను. పిల్లలొచ్చే వేళైంది, వెళ్లమంది. ఇవాళ బుధవారం, బుధవారం క్లాసు లేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఫోన్ ఎత్తడం లేదు.

ఏప్రిల్ 5, శనివారం

నేను చెప్పానా అంది మా ఆవిడ. చెప్పింది.

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున్నే అక్క మా ఆవిడకు ఫోన్ చేసింది. జడ వేయడానికి రావా అని అడిగింది. ఇద్దరం వెళ్లాం. మా ఆవిడ గుమ్మంలోనే ఏడ్చేసింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి దువ్వెన ఇచ్చింది.

"జాలిపడి చెప్పార్లే, అది నాకు తెలియదా? కానీ నా మొహం నాకు తప్ప అందరికీ తెలియడమేంటి, చెప్పు."

తర్వాత మిగతాదంతా చెప్పమంది. మా ఆవిడ దువ్వుతూ చెప్పింది. కళ్ల కింద సన్నటి గీతలున్నాయని, బుగ్గలు కాస్త జారాయని, మెడ మాత్రం నిలువుగానే ఉందని. నేను ముందు పన్ను ఊడిన సంగతి చెప్పబోతే, అది నా నోట్లోదేరా, నాకు తెలుసులే అంది అక్క. మా ఆవిడకు ఏడుపులో నవ్వొచ్చింది.

ఆఖరున నెమ్మదిగా అడిగింది, ఇప్పుడు అమ్మలా ఉన్నానా అని. మా ఆవిడే చెప్పింది, అచ్చం అత్తయ్యలాగే ఉన్నారని. అక్క చేత్తో తల నిమురుకుంది. "అయితే బాగున్నానన్నమాట. పేజీ పెట్టెయ్."

దారిలో మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని నడిచింది. నాకు ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను.

ఏప్రిల్ 9, బుధవారం

టీచరమ్మ పక్కన కూర్చుని పేజీ పైకి ఎక్కించింది. ఇక ఎవరైనా చూడొచ్చు. సాయంత్రానికి ఎవరో ఒక తల్లి అక్కకు ఫోన్ చేసింది. పిల్లను సోమవారం తీసుకొస్తానందట. కళ్ల సంగతి అడిగిందా అంటే, వేళల సంగతే అడిగింది అని అక్క చెప్పింది.

ఏప్రిల్ 13, ఆదివారం

పేజీ చేసినవాడివి నువ్వేగా, అడుగున నీ ఫోటో కూడా పెట్టు అంది అక్క. ఆల్ట్ తనే చెబుతానంది, నేను టైప్ చేయాలి.

పల్చటి మనిషి. ఒత్తయిన నల్లజుట్టు, పక్కపాపిట. చేతుల నిండా రంగు.

ఇప్పుడు నా నెత్తిన దువ్వెనకు పనిలేదు. అక్కా, జుట్టు ఊడిపోయింది అన్నాను.

"తెలుసురా. నాకు కనబడేది రాయి."

రాశాను.