వెతుక్కోమన్న జవాబులు నలభై ఒకటి

మార్చి 3, సోమవారం, ఉదయం 11

అత్తయ్య షుగర్ రీడింగులు ఆరేళ్లుగా నోట్‌బుక్‌లో రాస్తున్నాను. ఈసారి డాక్టరుగారు నెల సగటు అడిగారు, ఉదయానిది వేరుగా, సాయంత్రానిది వేరుగా. రెండు నెలలుగా పైథాన్ నేర్చుకుంటున్నానుగా, ప్రోగ్రాం రాశాను. ఏడు రోజులవి ఇస్తే ఆరే చూపిస్తోంది. ప్రతివారం సోమవారమే మాయం.

తెలుగువాళ్ల ప్రోగ్రామింగ్ గ్రూప్‌లో అడిగాను.

సాయంత్రం 4

'పులి' అన్న పేరుతో ఉండే ఒకతను జవాబిచ్చాడు. ఇది వెయ్యిసార్లు వచ్చిన ప్రశ్నట. ముందు వెతుక్కోవాలట. ఆంటీలకి వంటల గ్రూపులు వేరే ఉన్నాయట. కింద బోలెడు నవ్వు బొమ్మలు. అడ్మిన్ నా ప్రశ్న మూసేశాడు.

మార్చి 4

వెతికాను. వెయ్యిసార్లు కాదు, అరవై మూడుసార్లు. ఒక్కటీ వదలకుండా చదివి, గళ్లు గీసి రాసుకున్నాను. వెతుక్కోమన్న జవాబులు నలభై ఒకటి. వెటకారం పదిహేడు. నిజంగా చెప్పినవి ఐదు, అందులో మూడు తప్పు.

మిగిలిన రెండూ చదివాక తెలిసింది. కంప్యూటర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది. నేను ఒకటి నుంచి మొదలుపెట్టమన్నాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు, వీళ్లు అడిగినా పెట్టరేమే అన్నారు అత్తయ్య.

మార్చి 5

ఆ పట్టిక మొత్తం గ్రూప్‌లో పెట్టాను.

మార్చి 6

అడ్మిన్ మెసేజ్. గ్రూప్ పరువు తీశానట. రేపు సాయంత్రంలోగా ఆ పోస్ట్ తీయకపోతే నన్నే తీసేస్తాడట.

ఎందుకొచ్చిన తంటా, తీసెయ్ అన్నారు మావారు. తెలుగులో అడిగి నేర్చుకోవడానికి నాకున్నది ఆ ఒక్క చోటే. ఉదయాన్నీ సాయంత్రాన్నీ విడదీయడం ఇంకా రాలేదు. బయటికి పంపితే ప్రోగ్రాం సగంలో ఆగిపోతుంది.

అయినా తీయను. లెక్క తప్పయితే చూపించమని రాశాను.

మార్చి 7, సాయంత్రం 6

పోయేలోపు చేయగలిగినంత చేద్దామని పొద్దున్నే కూర్చున్నాను. కొత్తవాళ్ల ప్రశ్నలు పదకొండు. బట్టలు కుట్టే ఒకామె కొలతలు ఎలా దాచాలని అడిగింది. ఒకాయన ప్రోగ్రాం ఎక్కడ టైప్ చేయాలో కూడా తెలియదన్నాడు. తొమ్మిది ప్రశ్నలకి జవాబు రాశాను. మిగతా రెండు ప్రశ్నలకి తెలియదని రాశాను.

ఆవిణ్ణి పంపితే మేమూ పోతామని ఆ పదకొండుమందీ అడ్మిన్‌తో అన్నారట. ఆదివారం తేలుస్తాడట.

మార్చి 8

పులి విడిగా మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు మేడమ్‌గారు అంటున్నాడు. ఆఫీసులో అతను చేసిన జాబితాలో రెండు కంటే పది ముందొస్తోందట. సోమవారానికి సరికాకపోతే అందరిలో మాట పడాలట. ఉద్యోగంలో చేరి రెండేళ్లు దాటాక ఇలాంటిది అడగడానికి మొహం చెల్లక ఇలా వచ్చాడట. ఎవరికీ చెప్పొద్దట.

నాకు తెలుసు. అంకెల్ని అక్షరాలుగా దాచుంటాడు. ఒక్క లైను మారిస్తే చాలు.

గ్రూప్‌లో అడగమన్నాను. అక్కడ అడిగిన నిమిషంలో చెప్తానన్నాను.

మార్చి 9, ఆదివారం

అడిగాడు. ఎవరో నవ్వు బొమ్మ పెట్టి, వెంటనే తీసేశారు. నేను జవాబు రాశాను. అడ్మిన్ ఆ ప్రశ్న మూయలేదు, నన్ను తీసేసే మాటా ఎత్తలేదు. ఆ కిందే అడ్మిన్ కూడా ఒక ప్రశ్న అడిగాడు. అది నాకూ తెలియదు.