బావగారి గుండె పరీక్ష

బావమరిదికి బావ ఆశీస్సులు.

ఇక్కడ నేను కులాసా. అదే వచ్చిన చిక్కు. యాభై దాటిన బస్సు డ్రైవర్లందరూ, ఏ నొప్పీ లేకపోయినా సరే, గుండె పరీక్ష చేయించుకోవాలని డిపోలో నోటీసు అంటించారు. కదిలే పట్టా మీద పరిగెత్తిస్తారట. ముప్పై ఏళ్లుగా కూర్చుని బతికినవాణ్ణి, నేనెక్కడ పరిగెత్తను? తప్పానంటే స్టీరింగు లాగేసుకుంటారు. నువ్వు పోస్టుమాన్‌వి, రోజూ ఊరంతా నడుస్తావు. మీసాలూ మనిద్దరివీ ఒకలాంటివే. సోమవారం వచ్చి, నా పేరు చెప్పి పరిగెత్తి పో.

ఇట్లు, (ప్రస్తుతానికి) నీ మేలు కోరే బావ

తా.క.: మీ అక్కకు చెప్పకు. ఆవిడ పరిగెత్తించడానికి పట్టా కూడా అక్కర్లేదు.

*

బావగారికి నమస్కారాలు.

పని ముగించి, అక్క కంట పడకుండా వచ్చేశాను. ఛాతీకి వైర్లు అంటించి, "డ్రైవర్‌గారూ, స్పీడు పెంచమంటారా?" అంది నర్సు. "టాప్ గేరు వెయ్యండమ్మా" అన్నాను. చివర్లో కాస్త రొప్పాను. మీ పేరు మీద వెళ్లాక ఆ మాత్రం రొప్పకపోతే ఎవరు నమ్ముతారు?

ఇట్లు, మీ తరఫు కాళ్లు

తా.క.: మీ పిక్కల్ని డాక్టరు తెగ మెచ్చుకున్నాడు.

*

బావమరిదికి,

కొంప మునిగింది. రిపోర్టు వచ్చింది. పరిగెత్తేటప్పుడు నా గుండెకు రక్తం సరిగా అందడం లేదట, వెంటనే రమ్మన్నారు. చదవగానే మంచమెక్కాను. ఎడమ చెయ్యి లాగుతోంది. కుడిది కూడా. మీ అక్క ఉప్పు డబ్బా దాచేసింది. పక్కింటివాళ్లు వచ్చి నన్ను మంచివాడంటున్నారు, అంటే పరిస్థితి విషమించినట్టే.

ఇట్లు, ఉన్నన్నాళ్లు నీ బావ

తా.క.: నా నీలం చొక్కా నువ్వే తొడుక్కో.

*

బావగారికి,

మీ ఉత్తరం చదివి వీధిలోనే కూలబడ్డాను. మీ గుండె అంత బలహీనమని ముందే తెలిస్తే నెమ్మదిగా పరిగెత్తేవాణ్ణి కదా! మీరు మంచం దిగకండి. నా గురించి బెంగ వద్దు, నేను గుండ్రాయిలా ఉన్నాను. ఎల్లుండి నుంచి కొండమీది ఇళ్లకూ నేనే ఉత్తరాలు పంచాలి. మూడువందల మెట్లు.

ఇట్లు, కన్నీళ్లతో బావమరిది

తా.క.: నీలందాని కాలరు చిరిగింది. తెల్లది ఇవ్వండి.

*

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరాలు రెండూ మీ బావ దిండు కింద దొరికాయి. మీ గుండెల సంగతి సరే, ముందు తలకాయలు చూపించాలి. పరిగెత్తింది ఎవడ్రా? ఆ వైర్లు అంటించింది ఎవడి ఛాతీకిరా? ఆ రిపోర్టు నీదిరా వెర్రివాడా! ఏ నొప్పీ లేదని మురిసిపోకు, నొప్పి లేనివాళ్లకే కదా ఆ పరీక్ష పెట్టింది. పోస్టులో వేస్తే దీన్ని కూడా నువ్వే మోస్తావని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. సంచి ఉన్నచోటే దించి, అదే బస్సెక్కి రా. ఆ మెట్ల వైపు చూశావో, నా మీద ఒట్టే. నాకున్న తోడబుట్టినవాడివి నువ్వొక్కడివేరా.

ఇట్లు, బస్టాండులో ఎదురుచూసే అక్క

తా.క.: సంగతి చెప్పగానే మీ బావ మంచం దిగి, రెండు చేతులూ బాగైపోయి, చొక్కా వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి పెరట్లోకి వెళ్లి ఏడ్చాడు. రేపు తన పేరు మీద తనే పరిగెత్తుతాడట. నువ్వు పక్కన కూర్చుని నవ్వు, చాలు.