ఇనుప పళ్లెంలో గ్రేసు చెప్పిన మాట

5 జూన్ 1983, ఆదివారం

చర్చిలో ఇవాళ గ్రేసు ఒక్కతే పాడింది. మూడో బెంచీలో కూర్చున్నాను. నోరు కదులుతోంది, మెడ నరం కదులుతోంది — గొంతు మాత్రం నా దాకా రాలేదు. హార్మోనియం వినబడింది. పాస్టరుగారి ఆమెన్ వినబడింది. కన్నకూతురి పాట వినబడదు! పన్నెండేళ్లు ఓడల పొట్టకు పట్టిన తుప్పు సుత్తితో రాలగొట్టాను కదా... మగాళ్ల గొంతులు కాస్త మిగిలాయి, ఇంట్లో ఆడవాళ్లిద్దరి గొంతులూ పోయాయి.

బయటికొచ్చాక, "ఎలాగుంది నాన్నా?" పెదాలు చూసి పట్టుకున్నాను. బ్రహ్మాండం అన్నాను. దొంగని.

8 జూన్

యార్డులో బావమరిది ఆనందు వెనకనుంచి మూడుసార్లు పిలిచాడట. "ఏటి బావా, సెవుడొచ్చేసిందేటి?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇప్పుడు నాది క్రేనుకు చేతి సైగలిచ్చే పని. సైగకు చెవులక్కర్లేదు, కానీ హెచ్చరిక విజిలుకు కావాలి. సంగతి తెలిస్తే గేటు దగ్గర కాపలా స్టూలే గతి. ఇంట్లో మరియమ్మకు చెబితే తమ్ముడికి చెబుతుంది, ఆనందుకు తెలిస్తే సాయంత్రానికి యార్డంతా చాటింపు. అంచేత ఎవరికీ చెప్పేది లేదు. ఈ పుస్తకానికే.

12 జూన్, ఆదివారం

చర్చి నుంచి నేరుగా ముగ్గురం ద్వారకా నగర్ బస్సెక్కాం. స్కూలు ఆవరణలో సైన్సు ప్రదర్శన. "అన్నీ ముట్టుకోవచ్చట నాన్నా!" పదో తరగతి పాసైన సంబరం ఇంకా దిగలేదు పిల్లకు.

మరియమ్మ సైకిలు తొక్కితే బల్బు వెలిగింది. కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని మళ్లీ తొక్కింది. దిగితేనా! నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

చివర్లో మనిషెత్తు ఇనుప పళ్లేలు రెండు, ఆ గోడకొకటి, ఈ గోడకొకటి. ఒకదానిలో గుసగుసలాడితే అంత దూరాన రెండోదాని దగ్గరున్నవాళ్లకు చెవిలో చెప్పినట్టు వినబడుతుందట. కానీ వినేవాడు పళ్లెం వైపే తిరిగి నిలబడాలి. అంటే చెప్పేవాళ్ల పెదాలు కనబడవు... వద్దనేలోపే గ్రేసు నా భుజాలు పట్టి నిలబెట్టి అటు పరిగెత్తింది.

నిలబడ్డాను. ఇనుము. వెల్డింగు బాగా చేశారు. ఇంకేమీ లేదు. చెప్పడం అయిందో, అసలు మొదలెట్టిందో... వెనక వరస కట్టిన జనం. చెయ్యి దానంతటదే లేచింది, యార్డు అలవాటు — బొటనవేలు పైకి. మా దగ్గర దానికి అర్థం 'సరే, ఎత్తు'.

పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. మొహం వెలిగిపోతోంది. "నిజవేనా నాన్నా? మాటంటే మాటేనా?"

మాటే అన్నాను.

దేనికి?

13 జూన్

దేనికి?

15 జూన్

తెలిసింది. మరియమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది, చేతిలో గరిటె. "నన్నడక్కుండా ఒప్పేసుకున్నావేటి? ఒక్కగానొక్క పిల్ల! మూడేళ్లు కాకినాడ హాస్టల్లో పడీసి నువ్విక్కడ హాయిగా ఉండగలవేటి?"

పాలిటెక్నిక్. ఎదటపడి అడగడానికి భయమేసి పళ్లెంలో అడిగిందట.

అప్పుడే చెప్పెయ్యొచ్చు — నాకు వినబడలేదే అని. ఒక్క మాట. పిల్ల ఇంట్లోనే ఉంటుంది, నా సంగతి వీధిన పడుతుంది. అవును, ఒప్పుకున్నానన్నాను.

17 జూన్

మరియమ్మ పొయ్యి వైపు తిరిగే మాట్లాడుతుంది. వీపు కదలడం చూసి ఊఁ కొడతాను. గ్రేసు ఒక్కతే కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, మొహంలో మొహం పెట్టి చెబుతుంది. చిన్నప్పటినుంచీ దాని అలవాటు అంతే. అది వెళ్లిపోతే ఈ ఇంట్లో నాకు మాటే ఉండదు.

పంపాలని లేదు. లేదు, లేదు, లేదు. ఆ పళ్లెం ముందు తప్ప ఇంకెక్కడ అడిగినా వద్దనేవాణ్ణే.

19 జూన్, ఆదివారం

భోజనాలయ్యాక దరఖాస్తు ఫారం తెచ్చింది. తండ్రి సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించింది. పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను. "మనసు మారిందేటి నాన్నా?" చెప్పబోయాను, దేవుడి తోడు. దాని కళ్లలోకి చూశాను. సంతకం పెట్టేశాను.

కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. వంటింటి వైపు ఓసారి చూసింది. "రెండోది గుర్తుంది కదా? పళ్లెంలో ఆఖర్న సెప్పాను సూడు... అది అమ్మకి సెప్పకు."

రెండోదా!

"సెప్పన్లేవే" అన్నాను.

ఫారం మడిచాను. కవర్లో పెట్టాను. జిగురు రాస్తూ అనుకున్నాను — పోనీ అడిగేద్దాం, ఏంటమ్మా అది, ఇంకొక్కసారి చెప్పు అని... తలెత్తేసరికి గుమ్మం దాటుతోంది. నాకు వీపు పెట్టి, చేతులు తిప్పుకుంటూ, ఇంకా ఏదో చెబుతూనే ఉంది.